ఫోను చెవిని ఎంతవరకు నమ్మవచ్చు? స్పీకర్లను, గదులను యాప్‌తో కొలిచే పద్ధతిపై విశ్లేషణ

క్లుప్తంగా: యాప్ గీసే గ్రాఫులో స్పీకరు ఒక్కటే ఉండదు. గది, ఫోను మైకు, ఫోను సాఫ్ట్‌వేరు కూడా అందులో కలిసిపోయి ఉంటాయి. కాలానికి, ఫ్రీక్వెన్సీకి సంబంధించిన కొలతల్లో ఫోను ఖరీదైన పరికరాలతో దాదాపు సమానంగా నిలుస్తుంది. శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పాల్సి వచ్చినప్పుడే తడబడుతుంది. అదే ఫోనుతో రెండు చోట్ల కొలిచి తేడా చూస్తే ఆ తడబాటు చాలావరకు రద్దవుతుంది.

హాలులో ఒక జత స్పీకర్లు, ఎదురుగా సోఫా, సోఫా మీద పక్కపక్కనే వేర్వేరు కంపెనీల ఫోన్లు రెండు. రెండింటిలోనూ ఒకే యాప్. స్పీకర్లలోంచి వానహోరు లాంటి, కింది నుంచి పై దాకా అన్ని స్వరాలూ కలగలిసిన పింక్ నాయిస్ వస్తోంది. మొదటి ఫోను తెర మీద గీత 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు) దగ్గరే కొండచరియలా జారిపోయింది. రెండో ఫోనులో 50 హెర్ట్జ్ దాకా నిలబడింది కానీ, 8,000 దగ్గర ఒక మూపురం లేచింది. మొదటి గ్రాఫు చూసినవారు ఈ స్పీకర్లలో బాస్ లేదంటారు. రెండోది చూసినవారు పై స్వరాలు పలికే ట్వీటర్ కీచుమంటోందంటారు. స్పీకర్లు మాత్రం అవే, వినిపించే శబ్దమూ అదే.

ఇలాంటి గ్రాఫులు ఇప్పుడు కొనుగోలుదారుల చేతుల్లోకి వచ్చేశాయి. సౌండ్ బార్ కొనేముందు సమీక్ష వీడియోలో గ్రాఫు చూస్తున్నారు. ఇంటికి వచ్చాక తామే ఒక యాప్ వేసుకుని సరిచూస్తున్నారు. రెండూ కలవకపోతే లోపం స్పీకరుదా, గదిదా, ఫోనుదా అన్న సందేహం వస్తుంది. అది న్యాయమైన సందేహమే. జవాబు చెప్పాలంటే శబ్దం స్పీకరులో ముందుకూ వెనక్కూ కదిలే కోన్ నుంచి తెర మీది గీత దాకా వచ్చే దారిని ఒకసారి నడిచి చూడాలి.

మైకు గింజంత, దాని వెనుక సాఫ్ట్‌వేరు కొండంత

ఫోను అడుగు అంచున కనిపించే సూదిబెజ్జం వెనుక ఉండేది సిలికాన్ ముక్క మీద చెక్కిన పల్చటి పొర. గాలి ఒత్తిడికి ఆ పొర కదిలితే విద్యుత్ సంకేతం పుడుతుంది. ఇంత చిన్న మైకు నాణ్యత లేనిదనుకుంటే పొరపాటే. మధ్యస్థాయి ఫ్రీక్వెన్సీల్లో అది చక్కగా, నిలకడగా పనిచేస్తుంది. ఒకే మోడల్ మైకుల మధ్య సున్నితత్వంలో తేడా సాధారణంగా ఒకటి నుంచి మూడు డెసిబెళ్ల (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) లోపే ఉంటుంది. పరిమితులు రెండు కొసల్లో ఉన్నాయి. అడుగున మైకు సొంత రొద 30 డెసిబెళ్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, అర్ధరాత్రి నిశ్శబ్దంలో యాప్ చూపే అంకె చాలాసార్లు ఆ రొదే తప్ప గదిలోని శబ్దం కాదు. పైన, 120 డెసిబెళ్ల ప్రాంతంలో చాలా ఫోన్ల మైకులు చేతులెత్తేస్తాయి.

అసలు చిక్కు మైకు తర్వాత మొదలవుతుంది. ఫోను పుట్టింది మాట కోసం. పాతకాలపు టెలిఫోను లైను మోసుకెళ్లింది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే, మాట అర్థం కావడానికి అది చాలు. ఆ వారసత్వం నేటి ఫోన్లలోనూ ఉంది. గాలి వీచినా, చేయి రాసుకున్నా పుట్టే బుసబుసలను తీసేయడానికి కింది ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టరు ఉంటుంది. గొంతు తగ్గితే పెంచి, పెరిగితే తగ్గించే ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ ఉంటుంది. వెనకాల సాగే నిలకడైన హోరును గుర్తుపట్టి అణచివేసే నాయిస్ సప్రెషన్ ఉంటుంది. మాటకు ఇవన్నీ మేలే. కొలతకు మాత్రం ఒక్కొక్కటీ గండమే. వాటిలో నాయిస్ సప్రెషన్ చేసేది మరీ విచిత్రం. కొలత కోసం వినిపించే పింక్ నాయిస్ అచ్చంగా అది తుడిచేయాలని చూసే రకం శబ్దం.

వీటిని ఆపడానికి దారులు లేకపోలేదు. ఐఫోనులో యాప్‌లు వాడుకోవడానికి కొలతల కోసమే ఒక మోడ్ ఉంది. ఆండ్రాయిడ్‌లో మాట గుర్తింపు కోసం ఇచ్చే దారిలో ఈ సవరణలు ఆగి ఉండాలన్నది అంతకుముందు నుంచీ ఉన్న నియమం. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7తో, ఏ సవరణా లేని శబ్దాన్ని యాప్‌కు అందించే మరో దారి కూడా ఏర్పడింది. కాకపోతే దాన్ని ప్రతి ఫోనూ ఇవ్వాలన్న నిర్బంధం లేదు. ఇచ్చే ఫోన్లకు గూగుల్ పెట్టిన షరతు కూడా ఎంత ఉదారమో చూడండి: 100 నుంచి 7,000 హెర్ట్జ్ మధ్య గీత పైకి 10, కిందికి 10 డెసిబెళ్లలోపు ఉంటే చాలు. మంచి స్పీకర్ల మధ్య తేడాలు రెండు మూడు డెసిబెళ్లలో తేలిపోతాయి. 20 డెసిబెళ్ల వెడల్పున్న ఆ సందులో అవి ఏ మూలనైనా దాక్కోగలవు.

చేతిలో ఉన్న ఫోను సవరణలు చేస్తోందో లేదో ఇంట్లోనే పట్టుకోవచ్చు. పింక్ నాయిస్ పెట్టి, ఏదీ కదపకుండా 10 సెకన్లు గీతను గమనించాలి. రెండు మూడు సెకన్లయ్యాక గీత తనంతట తాను కుంగిపోతే నాయిస్ సప్రెషన్ పనిలో ఉన్నట్లే. తర్వాత డెసిబెళ్లలో అంకె చూపే ఆంప్లిఫయర్ మీద శబ్దాన్ని సరిగ్గా 10 పెంచాలి. యాప్‌లో ఆరో ఏడో మాత్రమే పెరిగితే ఎవరో మధ్యలో చేయిపెడుతున్నారు. ఈ పరీక్షలో నెగ్గని ఫోనుతో ఇక ముందుకు పోవడం దండగ. మందపాటి కవరు మైకు బెజ్జాన్ని సగం మూసి ఉంచిన ఫోన్లు కూడా చాలానే కనిపిస్తాయి. కవరు తీసేయడానికి ఖర్చేమీ లేదు.

స్పీకర్లు తయారుచేసే సోనోస్ కంపెనీ 2015లో ట్రూప్లే అనే సదుపాయం తెచ్చినప్పుడు ఈ చిక్కంతా బయటపడింది. ఫోనును చేత్తో పట్టుకుని, పైకీ కిందికీ ఊపుతూ గదంతా తిరిగితే స్పీకరు ఆ గదికి తగ్గట్టు తనను తాను సరిదిద్దుకుంటుంది. అది ఐఫోను, ఐప్యాడ్‌లతోనే పనిచేసేలా వచ్చింది. మోడళ్లు కొన్నే కాబట్టి ఒక్కో మోడల్ మైకు స్వభావాన్ని ముందుగా కొలిచి పెట్టుకోవచ్చు. వందల రకాల ఆండ్రాయిడ్ ఫోన్లకు అలా కొలవడం ఎవరి తరం? ఆ కంపెనీ తర్వాతి స్పీకర్లలో మైకును స్పీకరులోనే పెట్టి, ఫోను అవసరం లేకుండా చేసుకుంది.

అడ్డగీత నమ్మకం, నిలువుగీత అనుమానం

యాప్ గ్రాఫులో అడ్డంగా ఫ్రీక్వెన్సీ, నిలువుగా డెసిబెళ్లు ఉంటాయి. ఈ రెండింటి విశ్వసనీయత ఒకటి కాదు. ఫోను లోపలి గడియారాన్ని నడిపేది క్వార్ట్జ్ స్ఫటికం. దాని లోపం లక్షకు కొన్ని పాళ్లు మాత్రమే. ఫ్రీక్వెన్సీ అంటే సెకనుకు ఎన్ని కంపనాలని లెక్కించడమే కాబట్టి, 47 హెర్ట్జ్ దగ్గర ఏదో జరుగుతోందని ఫోను చెబితే అది 47 దగ్గరే జరుగుతోంది. రెండు శబ్దాల మధ్య ఎన్ని మిల్లీసెకన్ల తేడా ఉందో, మోత ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా ఇదే గడియారం చెబుతుంది. నిలువుగీతకు ఇలాంటి ఆధారం ఫోనులో ఏదీ లేదు. ఎంత గాలి ఒత్తిడికి ఎంత సంకేతం పుడుతుందో మైకును ప్రామాణిక శబ్దంతో పోల్చి చూస్తే తప్ప తెలియదు. ప్రయోగశాలల్లో 1,000 హెర్ట్జ్ దగ్గర 94 డెసిబెళ్ల శబ్దం పుట్టించే చిన్న క్యాలిబ్రేటర్‌ను మైకు మూతికి తొడిగి సరిచూస్తారు. ఫోను మైకుకు దాన్ని తొడగడానికి మూతి అంటూ ఒకటి ఉండాలి కదా.

అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధనలు చేసే నియోష్ సంస్థ పరిశోధకులు 2014లో ప్రచురించిన పరీక్ష ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. 192 యాప్‌లను వడగట్టి, పరీక్షకు తగినవని 10 ఐఫోను యాప్‌లను, నాలుగు ఆండ్రాయిడ్ యాప్‌లను మాత్రమే తీసుకున్నారు. పింక్ నాయిస్‌ను 65 నుంచి 95 డెసిబెళ్ల వరకు మెట్లుమెట్లుగా పెంచుతూ చూస్తే, ప్రామాణిక మీటరుకు 2 డెసిబెళ్ల లోపు నిలిచినవి నాలుగే, అవన్నీ ఐఫోనువే. క్యాలిబ్రేట్ చేసిన బయటి మైకు తగిలిస్తే లోపం ఒక డెసిబెల్‌కు తగ్గుతుందని ఆ తర్వాతి పరీక్షలో తేలింది. ఆ సంస్థ 2017లో విడుదల చేసిన సొంత యాప్ కూడా ఐఫోనుకే పరిమితమైంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఒక ఫోను 50 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెళ్లు తక్కువ చూపుతుందనుకుందాం. సోఫా దగ్గరా 9 తక్కువే, గది మూలలోనూ 9 తక్కువే. మూలలో వచ్చిన అంకెలోంచి సోఫా దగ్గరి అంకెను తీసివేస్తే ఆ 9 మాయమవుతుంది, మిగిలేది గది చేసిన తేడా. కర్టెన్ కట్టకముందు, కట్టిన తర్వాత. ఎడమ స్పీకరు, కుడి స్పీకరు. బాస్ పలికే వూఫర్‌ను గోడకు ఆనించినప్పుడు, అడుగు ముందుకు జరిపినప్పుడు. ఇలాంటి తీసివేత లెక్కల్లో చవక ఫోను కూడా తన స్థాయికి మించి పనిచేస్తుంది. తప్పు తూకపురాయితోనైనా రెండు బస్తాల్లో ఏది బరువో తేల్చవచ్చు, కిలో ధర మాత్రం కట్టలేం.

పన్నెండు పది గదిలో 47 హెర్ట్జ్

మన ఇళ్లలో మామూలుగా కనిపించే గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఇటుక గోడలు, సిమెంటు శ్లాబు, కింద టైల్స్ లేదా గ్రానైట్. శబ్దం ఇందులో పడితే బయటికి పోయే దారి తక్కువ. ఎదురెదురు గోడల మధ్య దూరం ఒక శబ్ద తరంగంలో సరిగ్గా సగమైనప్పుడు ఆ తరంగం అటూ ఇటూ తగిలి తనను తానే బలపరచుకుంటుంది. 12 అడుగుల పొడవుకు ఆ ఫ్రీక్వెన్సీ సుమారు 47 హెర్ట్జ్, 10 అడుగులకు 56, 57 ప్రాంతం. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో ఆ రెండూ ఒకే చోట కలిసి, అక్కడ మోత రెట్టింపుగా గుమికూడుతుంది. ఒక రాగంలో ఒక్క స్వరానికే గది కోరస్ పాడినట్లుంటుంది. చలికాలానికీ మండుటెండలకూ గాలిలో శబ్ద వేగం మారుతుంది కాబట్టి జనవరిలో 47 దగ్గర ఉన్నది మేలో 48 దాటవచ్చు. ఆ చిన్న జరుగుడును కూడా ఫోను పట్టుకోగలదు.

దీన్ని చెవితోనూ ఫోనుతోనూ ఒకేసారి చూడవచ్చు. ఆ ఫ్రీక్వెన్సీని పలికించగల సబ్ వూఫర్‌ను గది మూలలో పెట్టి, టోన్ జనరేటర్ యాప్‌తో 47 హెర్ట్జ్ స్వరాన్ని నిలకడగా వినిపించాలి. ఫోనును చేత్తో పట్టుకుని పొట్టి గోడ దగ్గర నుంచి ఎదుటి పొట్టి గోడకు మెల్లగా నడవాలి. గోడ దగ్గర ఛాతీ మీద ఒత్తుతున్నట్లున్న స్వరం, గది మధ్యకు చేరేసరికి ఎవరో స్విచ్చి ఆపినట్లు సన్నగిల్లిపోతుంది. యాప్‌లో గీత కూడా వెంటే పడిపోతుంది. ఇంకో ఆరడుగులు వేస్తే స్వరం మళ్లీ లేచి వస్తుంది. సోఫా సరిగ్గా గది మధ్యలో ఉంటే, ఎంత ఖరీదైన సబ్ వూఫర్ కొన్నా ఆ స్వరం అక్కడ వినిపించదు. ఆంప్లిఫయర్ మార్చడం కన్నా సోఫాను రెండడుగులు జరపడం చవక.

గోడ ఇంకో మెలిక కూడా పెడుతుంది. స్పీకరు వెనక గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనక్కి వెళ్లి తిరిగొచ్చే శబ్దం నేరుగా వచ్చే శబ్దానికి సుమారు 143 హెర్ట్జ్ దగ్గర ఎదురు పడుతుంది. గ్రాఫులో అక్కడ గుంత కనిపిస్తుంది. దాన్ని, ఎంచుకున్న స్వరాలను పెంచి తగ్గించే ఈక్వలైజర్‌తో పూడ్చాలని చాలామంది చూస్తారు, కానీ నేరు శబ్దాన్ని పెంచితే గోడ నుంచి వచ్చే శబ్దమూ అంతే పెరిగి మళ్లీ కొట్టేస్తుంది. 15 డెసిబెళ్ల గుంతను పూడ్చాలంటే 30 రెట్లకు పైగా విద్యుత్ శక్తి కావాలి, అది పోసినా గుంత అలాగే ఉంటుంది. స్పీకరును ముందుకో వెనక్కో జరిపితే గుంత వేరే చోటికి పోతుంది. ఎక్కడికి పోయిందో ఫోను చూపిస్తుంది.

అన్ని ఫ్రీక్వెన్సీల్లోనూ గది పెత్తనం ఇలాగే ఉండదు. పైన చెప్పిన గదిలో ఓ మోస్తరు సామాను ఉంటే, సుమారు 250, 270 హెర్ట్జ్ దాకా గది రాజ్యం నడుస్తుంది. ఆ పైన ప్రతిఫలనాలు లెక్కకు మించి కలిసిపోయి, స్పీకరు స్వభావానిదే పైచేయి అవుతుంది. ఈ సరిహద్దును లెక్కగట్టే సూత్రం జర్మన్ శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ ఇచ్చినది.

మోతకు గడియారం

ఈ విద్యకు పునాది వేసిన కొలతలో మైకు అసలు లేనే లేదు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన ఫాగ్ మ్యూజియంలోని ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదని, దాన్ని సరిచేసే పని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడికి అప్పగించింది. ఆయన చేతిలో ఉన్నవి ఆర్గన్ గొట్టం, గడియారం, తన చెవులు. ఊరంతా సద్దుమణిగిన రాత్రివేళ పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు మోయించుకొచ్చి, కొన్ని కొన్నిగా పరుస్తూ, గొట్టం ఊది ఆపాక మోత ఎంతసేపు వినిపిస్తుందో లెక్కపెట్టాడు. దిండ్లు పెరిగేకొద్దీ మోత తగ్గిన తీరులోంచే నేటికీ వాడుతున్న సూత్రం పుట్టింది. గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో గుణించి, గదిలోని ఉపరితలాలు పీల్చుకునే మొత్తంతో భాగిస్తే, శబ్దం 60 డెసిబెళ్లు తగ్గడానికి పట్టే సెకన్లు వస్తాయి. 1900లో తెరుచుకున్న బోస్టన్ సింఫనీ హాలుకు ఈ లెక్కే ఆధారం.

ఖాళీగా ఉన్న మన 12, 10 గదికి ఈ సూత్రం వేస్తే మోత కాలం రెండున్నర నుంచి మూడు సెకన్లు తేలుతుంది. కొత్త ఇంట్లో సామాను చేరకముందు మాట్లాడితే బావిలో మాట్లాడినట్లుండేది అందుకే. పరుపు, సోఫా, మందపాటి కర్టెన్లు, బట్టల బీరువా చేరాక అది అర సెకను, ముప్పావు సెకను మధ్యకు దిగుతుంది.

కల్యాణ మండపం లెక్క ఇంకా ఆసక్తికరం. 100 అడుగుల పొడవు, 60 వెడల్పు, 20 ఎత్తు, కింద గ్రానైట్, పైన శ్లాబు, లోపల మెత్తటి వస్తువేదీ లేని హాలు ఖాళీగా ఉంటే మోత ఆరేడు సెకన్లు సాగుతుంది. 500 మంది వచ్చి కూర్చుంటే రెండు సెకన్ల లోపుకు పడిపోతుంది, ఎందుకంటే పట్టుచీరలూ పంచెలూ కట్టుకున్న మనుషులే ఆ హాలులో ఉన్న ఏకైక శబ్ద శోషకం. పొద్దున్నే వచ్చిన మైకు సెట్టు మనిషి ఖాళీ హాలులో మీటలు సరిచేసి పెట్టుకుంటే, ముహూర్తం వేళకు అవి పనికిరాకుండా పోయే కారణమిదే. అతిథులు భోజనాల హాలుకు లేచి వెళ్లగానే పురోహితుడి మంత్రం మళ్లీ అలికిపోవడమూ అందుకే.

ఈ కొలత ఫోనుకు అచ్చొచ్చిన పని. మోత ఎంత త్వరగా తగ్గుతోందన్నదే ప్రశ్న కాబట్టి నిలువుగీతలో అంకె ఎక్కడ మొదలైందన్నది పట్టింపు కాదు. ఒక బెలూను పగలగొట్టినా చాలు, గట్టి చప్పట్టయినా కొంతవరకు పనిచేస్తుంది. ష్రోడర్ 1965లో చెప్పిన పద్ధతి ప్రకారం యాప్ శబ్దాన్ని వెనక నుంచి ముందుకు కూడుతూ పోయి నున్నటి వాలు గీత గీస్తుంది. 60 డెసిబెళ్ల పతనం ఇంట్లో ఎవరికీ దొరకదు కాబట్టి 20 డెసిబెళ్ల పతనాన్ని కొలిచి మూడింతలు చేస్తారు. దానికైనా గదిలోని మామూలు రొద కన్నా కొలత శబ్దం కనీసం 35 డెసిబెళ్లు పైన ఉండాలి. ఇక్కడే సీలింగ్ ఫ్యాను అడ్డుపడుతుంది. దాని రొద ఒక ఎత్తు, అది మైకు మీదికి తోసే గాలి ఇంకో ఎత్తు. ఆ గాలి 100 హెర్ట్జ్ కింద గ్రాఫును బురద చేస్తుంది. ఇన్వర్టరు గుర్రుమంటుంటే 50, 100 హెర్ట్జ్ దగ్గర మేకుల్లాంటి గీతలు నిలబడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యానూ ఏసీ ఆపి, కిటికీలు మూసి, ఉక్కపోతలో రెండు నిమిషాలు కూర్చునే ఓపిక ఉన్నవారికే మంచి కొలత దక్కుతుంది.

స్పీకరును గదిలోంచి విడదీయడం

స్పీకరు అసలు స్వభావం తెలియాలంటే ప్రతిధ్వని లేని గది కావాలి. స్పీకరు పరిశ్రమలో ప్రమాణంగా నిలిచిన పద్ధతిలో స్పీకరును అడ్డంగానూ నిలువుగానూ పది పది డిగ్రీలు తిప్పుతూ 70 కోణాల్లో కొలుస్తారు. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ ఆ తర్వాత హార్మన్ కంపెనీలోనూ ఫ్లాయిడ్ టూల్ బృందాలు చేసిన పరిశోధనలు దీనికి మూలం. ఇంట్లో ఒక ఫోనుతో ఆ స్థాయికి వెళ్లలేం. కానీ గదిని కొంతవరకు దాటవేసే ఉపాయం ఒకటుంది, అదీ గడియారం మీద ఆధారపడినదే.

స్పీకరు కింది స్వరం నుంచి పై స్వరానికి జారిపోయే ఊళలాంటి శబ్దం చేస్తుంది. యాప్ దాన్ని రికార్డు చేసుకుని, లెక్క కట్టి, ఒక్క చిటికె వేస్తే స్పీకరూ గదీ ఎలా స్పందించేవో ఆ రూపానికి మారుస్తుంది. ఆంజెలో ఫరీనా అనే ఇటలీ పరిశోధకుడు 2000లో వివరించిన రూపంలోనే ఇది ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. ఆ స్పందనలో ముందు నేరుగా వచ్చిన శబ్దం, కాసేపటికి నేల నుంచి వచ్చిన ప్రతిఫలనం విడివిడిగా కనిపిస్తాయి. స్పీకరూ ఫోనూ రెండూ నేలకు 1.2 మీటర్ల ఎత్తులో, మీటరు దూరంలో ఉన్నాయనుకుంటే నేలకు తగిలి వచ్చే దారి 2.6 మీటర్లు. అంటే 1.6 మీటర్లు ఎక్కువ, సుమారు 4.7 మిల్లీసెకన్ల ఆలస్యం. ఆ లోపు వచ్చిన ముక్కను మాత్రమే కత్తిరించి తీసుకుంటే గది అందులో ఉండదు. దీనికి కట్టే మూల్యం ఏమిటంటే, ఆ ముక్క పొడవుకు సరిపడని 210 హెర్ట్జ్ కింది స్వరాల గురించి అది ఏమీ చెప్పలేదు. ఆ కింది భాగానికి 1974లో డాన్ కీల్ చూపిన మార్గం వేరే ఉంది. మైకును వూఫర్ కోన్‌కు దాదాపు ఆనించి కొలిస్తే నేరు శబ్దం ముందు గది శబ్దం లెక్కలోకి రాదు. అయితే కోన్ ముఖాన శబ్దం చాలా ఎక్కువ కాబట్టి వాల్యూమ్ బాగా తగ్గించాలి, లేకపోతే మైకు మొరాయిస్తుంది.

పై కొసలో ఫోను శరీరమే అడ్డు. 10,000 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు, ఫోను పొడవు దానికి నాలుగింతలు. మైకు బెజ్జం స్పీకరు వైపు ఉంటే ఒక గ్రాఫు, పైకప్పు వైపు ఉంటే మరొకటి. పైగా చాలా ఫోన్లకు అడుగున ఒకటి, తల మీద ఒకటి, కెమెరా పక్కన ఒకటి మైకులుంటాయి. యాప్ ఏ మైకును వాడుతోందో తెలియాలంటే ఒక్కో బెజ్జం పక్కన గోటితో మెల్లగా గీకి చూస్తే చాలు. ఎడమ, కుడి స్పీకర్లను ఇలా ఒకే భంగిమలో కొలిచినప్పుడు ఒకదాని ట్వీటర్ చచ్చిపోయిందనో, ఒకదానికి వైర్లు తారుమారయ్యాయనో కచ్చితంగా బయటపడుతుంది. ఏ స్పీకరు ఎంత గొప్పదో చెప్పే తీర్పును మాత్రం ఈ గ్రాఫుల మీద నిలబెట్టకూడదు.

తప్పును తిరగేసి స్పీకరుకు అంటగట్టడం

కొలతతో ఆగితే నష్టం తక్కువే. కొలతను బట్టి స్పీకరును సరిదిద్దే యాప్‌లు వచ్చాక చిన్న లోపానికి కూడా పెద్ద ఫలితం ఉంటోంది. ఫోను మైకు 40 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెళ్లు తక్కువ వింటే, యాప్ అది స్పీకరు లోటే అనుకుని అక్కడ 8 పెంచుతుంది. అంటే ఆరింతలకు పైగా శక్తి. పైగా శబ్దం అంతే ఉంచి ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గితే కోన్ నాలుగింతలు ఎక్కువ కదలాలి. అయిదంగుళాల చిన్న వూఫర్ ఆ ఊపుకు తట్టుకోలేక పటపటమంటుంది.

ఇంకో పొరపాటు గదిలో గీతను అడ్డంగా, పూర్తిగా చదును చేయాలని చూడటం. మంచి స్పీకరు గీత సోఫా దగ్గర బాస్ నుంచి ట్రెబుల్ వైపు మెల్లగా వాలి ఉండటమే సహజం, ఎందుకంటే పై స్వరాలు ముందుకే పోతాయి, కింది స్వరాలు గదంతా నిండుతాయి. ఆ వాలును చదును చేస్తే కంచుగిన్నె మీద చెంచాతో కొట్టినట్లు చెవిలో గుచ్చుకుంటుంది. తెలిసినవారు అందుకే సవరణను 250 హెర్ట్జ్ కిందికే పరిమితం చేసి, గుంతలను వదిలేసి, మూపురాలను మాత్రమే చెక్కుతారు. ఫోనును ఒక్కచోట నిలపకుండా తల ఉండే ప్రాంతంలో మెల్లగా తిప్పుతూ సగటు తీయడం కూడా పనికొస్తుంది. ఇంతకు మించి కావాలంటే, ఒక్కో మైకుకు విడిగా క్యాలిబ్రేషన్ ఫైలు ఇచ్చే యూఎస్‌బీ మైకులు ఉన్నాయి. వాటిని నేరుగా ఫోనుకే తగిలించుకోవచ్చు. అప్పుడు గడియారం ఫోనుది, చెవి మైకుది.

డీజే మోతా, డీబీఏ లెక్కా

సొంత గదికి అవతల, తెలుగు నగరాల్లో ఫోను మీటరు ఎక్కువగా బయటికి వచ్చేది ఊరేగింపుల వేళ. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. అంతకు చాలా ముందే, 2000 నాటి కేంద్ర శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి. లౌడ్ స్పీకర్ల విషయంలో ఆ బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర పరిమితికి 10 ఎక్కువ లేదా 75, ఏది తక్కువైతే అది. బాల్కనీలో నిలబడినవారి ఫోను 88 చూపితే వెంటనే ఫొటో తీసి పంపుతారు. అయితే నియమాల్లోని ప్రాంతాల పరిమితి ఆ క్షణపు అంకె కాదు, కొంతకాలపు శబ్ద శక్తికి సగటు. అందుకు వాడే మీటరు ఐఈసీ 61672 వంటి అంతర్జాతీయ ప్రమాణానికి లోబడి, క్యాలిబ్రేటర్‌తో సరిచూసినదై ఉండాలి. ఫోను ఫొటో ఫిర్యాదుకు సూచనగా పనికొస్తుంది, రుజువుగా నిలబడటం కష్టం.

మరో గమ్మత్తు ఆ కొలమానంలోనే ఉంది. నియమాలు చెప్పేది డీబీఏ, అంటే మనిషి చెవి తీరును అనుసరించి కింది స్వరాలను బాగా తగ్గించి లెక్కేసే పద్ధతి. 63 హెర్ట్జ్ దగ్గర అది 26 డెసిబెళ్లు తీసేస్తుంది. డీజే వూఫర్ల నుంచి 100 డెసిబెళ్ల 63 హెర్ట్జ్ మోత వచ్చి కిటికీ అద్దాలు దడదడలాడుతున్నా, ఆ మోత ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే ఈ ‘ఏ’ స్కేలులో పడేది 74 మాత్రమే. కింది స్వరాలను దాదాపు ఉన్నట్టే లెక్కేసే ‘సీ’ స్కేలు అదే చోట ఒక్క డెసిబెల్ కూడా తగ్గించదు. చాలా యాప్‌లలో ‘ఏ’, ‘సీ’ రెండు స్కేళ్లూ ఉంటాయి. ఒకే చోట నిలబడి రెండింటినీ వెంటవెంటనే చూసి తేడా రాసుకుంటే, ఫోను సొంత క్యాలిబ్రేషన్ లోపం ఆ తీసివేతలో పోతుంది. తేడా 15, 20 వస్తే మోతలో అధికభాగం వూఫర్లదేనని అర్థం. ఫోను మైకు కింది స్వరాలను తక్కువగానే వింటుంది కాబట్టి అసలు తేడా అంతకన్నా ఎక్కువే తప్ప తక్కువ ఉండదు.